చెన్నపట్టణ నగరపాలక సంస్థ: 1959 ఎన్నికయు, అధికార పరివర్తనమును

చెన్నపట్టణ నగరపాలక సంస్థ భారతదేశమందలి పురపాలక సంస్థలన్నిటిలో ప్రాచీనతమమైనది. 1688వ సంవత్సరము సెప్టెంబరు 29వ తేదీన, ఈస్టిండియా కంపెనీవారి సెయింట్ జార్జి కోటలో ఆవిర్భవించిన ఈ సంస్థ, ఆంగ్ల వర్తకుల అవసరమునుండి పుట్టి, పన్ను చెల్లించు గృహస్థుల ప్రతినిధిసభగా పెరిగి, కడపట వయోజనులందరి ఓటుచే ఏర్పడు ప్రజాసభగా పరిణమించినది. ఒక పక్షము చేతినుండి మరియొక పక్షము చేతిలోనికి దీని యాజమాన్యము మారిన సందర్భములు పెక్కు కలవు. వానిలో 1959 నాటి ఎన్నిక, ద్రావిడ మున్నేట్ర కళగమునకు మొట్టమొదటి పాలనాధికారమును సమకూర్చినదగుటచే, మదరాసు రాష్ట్ర చరిత్రలోనే ఒక మలుపుగా గణింపబడుచున్నది. ఆ నగరముతో తెలుగువారికి గల అనుబంధము 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడుటతో తెగిపోయినది కాదు గనుక, ఈ చరిత్రను పొరుగింటి ముచ్చటగా మనము చదువరాదు.

కంపెనీ డైరెక్టర్లలో ప్రముఖుడగు సర్ జోసయా చైల్డు ఈ సంస్థకు మూలపురుషుడు. కోటకును పట్టణమునకును అగు వ్యయము నిమిత్తము కంపెనీవారే పన్ను విధింపబూనినచో ప్రజలు పెనగులాడుదురనియు, తమలోని పెద్దలే సభగా కూర్చుండి విధించినచో సమ్మతితో చెల్లింతురనియు ఆయన తలపోసెను. ఆ తలంపుతోనే ఒక మేయరును, పన్నెండుగురు ఆల్డర్మన్లును, వారికి తోడుగా పౌరులును గల సభ ఏర్పడినది. అప్పటి గవర్నరు ఎలిహు యేలు. తొలి మేయరు నథానియల్ హిగ్గిన్సను. ఆల్డర్మన్లలో కంపెనీతో వ్యాపారము నెరపిన హిందూ వర్తకులకును స్థానము లభించెను. చిన్న వేంకటాద్రి యను తెలుగు పేరు ఆ తొలి జాబితాలోనే కానవచ్చుచున్నది. అయినను పన్ను విషయమున చైల్డుదొర ఊహ ఫలింపలేదు. సభలో కొందరు తమవారున్నంతమాత్రమున, తాము ఎన్నుకొనని సభ విధించిన పన్నును సంతోషముతో చెల్లించుటకు దేశీయులు నివసించు నల్లపట్టణపు జనులు సిద్ధపడలేదు.

ఎన్నిక యను పద్ధతి ప్రవేశించుటకు ఇంచుమించు రెండు శతాబ్దములు పట్టినది. 1878 నాటి చట్టము ముప్పది ఇద్దరు కమిషనర్లలో సగము మందిని పన్ను చెల్లించువారు ఎన్నుకొనునట్లు చేసెను. 1882లో స్థానిక స్వపరిపాలనమును గూర్చి రిప్పను ప్రభువు గావించిన ప్రసిద్ధ తీర్మానము వెలువడిన తరువాత, 1884 చట్టముచే ఎన్నికైనవారి సంఖ్య ఇరువది నాలుగునకు పెరిగెను. సంస్థ తన నూతన కార్యాలయ భవనమునకు రిప్పను పేరే పెట్టుకొన్నది. 1909లో మింటో ప్రభువుచే శంకుస్థాపన జరిగి 1913లో పూర్తియైన ఆ శ్వేతసౌధము, సెంట్రల్ స్టేషనునుండి వెలుపలికి వచ్చిన ప్రయాణికుని కంటికి నేటికిని మొట్టమొదట తగులు కట్టడములలో ఒకటి. గూడూరు మీదుగా రైలెక్కి మదరాసు చేరి, దాని గోపుర గడియారమును చూచి తమ చేతి గడియారములను సరిదిద్దుకొన్న తెలుగువారు ఎన్ని వేలమందియో!

1919 చట్టము ఈ సంస్థ నిర్మాణమును మార్చివేసినది. అంతవరకు ప్రభుత్వోద్యోగియగు అధ్యక్షుడే సభను నడుపుచు, కార్యనిర్వహణమును కూడ తానే చేయుచుండెను. కొత్త చట్టము కౌన్సిలు, స్థాయీసంఘములు, కమిషనరు అను మూడు అంగములను వేరుపరచి, కౌన్సిలు తన అధ్యక్షుని తానే ఎన్నుకొనునట్లు చేసెను. ఎన్నికలలో గెలిచిన పక్షమునకు సంక్రమించు అధికారమెట్టిదో గ్రహించుటకు ఈ విభజనము ముఖ్యము. కమిషనరును నియమించునది రాష్ట్రప్రభుత్వము. ఆజ్ఞలపై సంతకము అతనిది, సిబ్బంది అతని క్రిందివారు. కౌన్సిలు చేతిలో ఉన్నవి ఆదాయ వ్యయ పత్రము, పన్నుల రేటు, పనుల మంజూరు, తీర్మానములు. అనగా ఏ వీధికి దీపము, ఏ పేటకు పాఠశాల, ఏ మురికివాడకు నీటికొళాయి అను నిర్ణయములు కౌన్సిలువి. వానిని నెరవేర్చు చేయి మాత్రము రాష్ట్రప్రభుత్వముది. నగరమునందు ఒక పక్షమును, రాష్ట్రమునందు వేరొక పక్షమును ఏలుబడిలో ఉన్నప్పుడెల్ల ఈ రెండింటి నడుమ ఘర్షణ పుట్టుటకు కారణము చట్టములోనే ఉన్నది.

క్రొత్త ఏర్పాటున అధ్యక్షస్థానమును అలంకరించిన తొలి అనధికారి పిట్టి త్యాగరాయ చెట్టి. ఆయన తెలుగు మాతృభాషగా గల దేవాంగ కులమున జన్మించినవాడు, టి. ఎం. నాయరు ప్రభృతులతో కలసి 1916లో జస్టిస్ పక్షమును స్థాపించినవాడు. 1920 ఎన్నికలలో తన పక్షము గెలిచినపుడు ముఖ్యమంత్రి పదవి తనను వెదకుకొని వచ్చినను స్వీకరింపనివాడు. ఆయన అధ్యక్షతన 1920లో కౌన్సిలు ఒక చిన్న తీర్మానము చేసినది. థౌజండు లైట్సు పేటలోని కార్పొరేషను పాఠశాల పిల్లలకు మధ్యాహ్నమున ఉపాహారము పెట్టవలెననియు, దానికై పిల్లవానికి దినమునకు ఒక అణాకు మించకుండ ఖర్చు పెట్టవచ్చుననియు దాని సారాంశము. ఒక అణా! పేదపిల్లలు బడికి రాకపోవుటకు చదువుపై విముఖత హేతువు కాదనియు, కడుపు కాలుటయే హేతువనియు గుర్తించిన ఆ పెద్దమనుష్యులు ఎంత దూరము చూచినారో, తరువాతి చరిత్ర నిరూపించినది. బడిలో హాజరు పెరిగెను, పథకము మరికొన్ని పాఠశాలలకు వ్యాపించెను, ప్రభుత్వపు ఆర్థికాభ్యంతరములవలన నడుమ కొంతకాలము ఆగెను, మరల మొదలాయెను. అటుపిమ్మట కామరాజు కాలమున రాష్ట్రమంతటను, అటుపిమ్మట దేశమంతటను వ్యాపించిన మధ్యాహ్న భోజన పథకమునకు బీజము, ఆ పురపాలక సభ మంజూరు చేసిన ఆ అణాయే. త్యాగరాయ చెట్టి 1925లో మరణించెను. మాంబళమున అప్పుడే రూపొందుచుండిన నూతన నివాసస్థలము ఆయన పేర త్యాగరాయనగరమైనది. దాని నడుమనున్న ఉద్యానమునకు మరియొక తెలుగువాడు, ముఖ్యమంత్రియగు పానగల్లు రాజా పేరు నిలిచినది. నేడు టీ నగరు అని పొడి అక్షరముతో పిలుచుకొనుచు అక్కడ చీరలు కొనువారిలో ఆ పేరులోని మనిషిని ఎరిగినవారు కొద్దిమంది.

1933లో అధ్యక్షునకు మేయరను పూర్వపు బిరుదము తిరిగి వచ్చినది. అట్లు తొలి మేయరైనవాడు ఎం. ఎ. ముత్తయ్య చెట్టియారు. 1936లో కాంగ్రెసు జస్టిస్ పక్షమును ఓడించి సభను వశపరచుకొన్నది. అది ఈ నగరమున పక్షముల నడుమ ఎన్నికమూలమున జరిగిన పెద్ద అధికార పరివర్తనములలో మొదటిది. మరుసటి ఏట రాష్ట్ర శాసనసభలోను అట్లే జరిగెను. ఆ కాలపు మేయర్లలో 1939లో పదవికి వచ్చిన సత్యమూర్తి పేరు నీటితో ముడివడియున్నది. నగరము దాహముతో అలమటించుచుండగా, కొసస్తలైయారు నదిపై పూండి వద్ద జలాశయము కట్టవలెనని పట్టుబట్టి, 1940లో శంకుస్థాపన జరుగువరకు విశ్రమింపని ఆయన, 1944లో అది పూర్తియగుటను చూడకయే మరణించెను. సత్యమూర్తి సాగరమను పేరుగల ఆ జలాశయములోనికే, 1983లో కుదిరిన ఒప్పందము ననుసరించి, 1996 మొదలు తెలుగుగంగ కాలువ వెంట కండలేరునుండి కృష్ణాజలము చేరుచున్నది.

స్వాతంత్ర్యానంతరము కాంగ్రెసు ప్రాబల్యము కొంతకాలము చెక్కుచెదరలేదు. తెలుగువారి దృష్టికి ఆ సంవత్సరములలో ముఖ్యమైనది నగరము ఎవరిదన్న వివాదము. 1952 డిసెంబరు 15న మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి ఇంట ఆంధ్రరాష్ట్రముకొరకు పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగము చేసెను. నాలుగు దినములకు నెహ్రూ ప్రకటించిన ఆంధ్రరాష్ట్రమునందు మదరాసు నగరము లేదు. ఉభయపక్షముల ఆవేశమును నగరవీధులు చవిచూచినవి. తీర్పు ఏదైనను, తరతరములుగా అక్కడ కాపురమున్న తెలుగు కుటుంబములు అక్కడనే ఉండిపోయి, తమ వార్డులలో తమ ఓటు వేయుచునే వచ్చినవి.

ద్రావిడ మున్నేట్ర కళగము 1949 సెప్టెంబరు 17న, ఉత్తర మదరాసులోని రాయపురమునందలి రాబిన్సను పార్కులో, జోరువానలో జరిగిన సభలో పుట్టినది. ఆ పక్షమునకు మూలపురుషుడగు సి. ఎన్. అణ్ణాదురై మొదట ఎన్నికలకు దూరముగా ఉండి, 1957లో తొలిసారి పోటీచేసి, శాసనసభలో 15 స్థానములను పొందెను. కాంగ్రెసునకు కామరాజు వంటి నాయకుడు ముఖ్యమంత్రిగా ఉండగా, పదునైదుగురు సభ్యులు గల పక్షము రాష్ట్రమును గెలుచునని అప్పుడు తలచినవారు అరుదు. కాని నగరము వేరు. నేతమిల్లుల కార్మికులు, రేవులో మూటలు మోయువారు, రైల్వే కర్మాగారములలో పనిచేయువారు, పల్లెలనుండి నూతనముగా వచ్చి గుడిసెలు వేసికొన్నవారు, కాలేజీ చదువు ముగించి ఉద్యోగము దొరకని యువకులు: వీరందరును కలసిన జనసమూహము ఉత్తర మదరాసునందు పెరుగుచుండెను. వారికి చేరువైన భాషలో మాట్లాడినది కళగము. ప్రతి పేటలో ఒక పఠనాలయము, ఒక పత్రిక, ఎరుపు నలుపు రంగుల జెండా, సాయంకాలము వీధిమలుపున పెట్రోమాక్సు దీపపు వెలుగులో ఒక ఉపన్యాసము. పనినుండి మరలివచ్చిన కూలివాడు చదువరాకపోయినను, మరియొకడు పత్రికను బిగ్గరగా చదువుచుండగా బల్లపై కూర్చుండి వినెడివాడు. వెండితెరమీది సంభాషణలు ఆ పక్షపు నాయకుల కలములనుండియే వెలువడుచుండెను. పెద్ద పక్షము పెద్ద మనుష్యుల ఇండ్లలో ఓట్లను లెక్కించుకొనుచుండగా, చిన్న పక్షము వీధి దీపము వెలుగుట లేదన్న ఫిర్యాదును చేతబట్టుకొని తలుపులు తట్టినది. నా దృష్టిలో 1959 ఫలితమునకు ముఖ్యకారణమిది. సినిమా ఆకర్షణమును మాత్రమే కారణముగా చెప్పువారు ఆ పఠనాలయముల పదేండ్ల శ్రమను మరచుచున్నారు.

ప్రచారభారమును వహించినవాడు ఎం. కరుణానిధి. కౌన్సిలునందలి 100 స్థానములకు కళగము 90 స్థానములందు పోటీచేసి 45 గెలుచుకొని, సభలో అతి పెద్ద పక్షమైనది. విజయసభలో అణ్ణాదురై కరుణానిధి వ్రేలికి ఉంగరము తొడిగిన ముచ్చటను తమిళులు నేటికిని చెప్పుకొందురు. పూర్ణమైన ఆధిక్యమునకు కొన్ని స్థానములు కొరవడుటచే ఇతర సభ్యుల తోడ్పాటు అవసరమాయెను. అది లభించి, ఎ. పి. అరసు మేయరుగా ఎన్నికయ్యెను. కళగమునకు దక్కిన తొలి అధికారపీఠమదియే. మేయరు పదవీకాలము ఆనాడు ఒక్క సంవత్సరమే అగుటచే, ఏటేట ఒక క్రొత్త మేయరును గెలిపించుకొనవలసి వచ్చెడిది; అందుచే పక్షములోని పెక్కుమంది యువకులకు సభానిర్వహణము, ఆదాయవ్యయ చర్చ, అధికారులతో వ్యవహరించు నేర్పు అభ్యాసమాయెను. రాష్ట్రప్రభుత్వము కాంగ్రెసు చేతిలోను, నగరసభ కళగము చేతిలోను ఉన్న ఆ ఎనిమిదేండ్లు, ఆ పక్షమునకు ఒక గురుకులవాసమని చెప్పవచ్చును. 1967లో అది 234 స్థానముల శాసనసభలో స్పష్టమైన ఆధిక్యము సాధించి, అణ్ణాదురై ముఖ్యమంత్రిగా ప్రమాణము చేసినపుడు, పురపాలనమున చేయి తిరిగిన పనివారు ఆయన వెనుక సిద్ధముగా నుండిరి.

ఇక చెప్పవలసినది విషాదకరమైన భాగము. నగరసభయును, రాష్ట్రప్రభుత్వమును ఒకే పక్షము చేతిలోనికి వచ్చిన తరువాత, సభపై అవినీతి ఆరోపణములు చెలరేగినవి. కూలీల హాజరుపట్టీలలో లేని మనుష్యుల పేర్లు వ్రాసి, వారి పేర వేతనము తీసికొన్నారన్న మస్టరు రోలు వ్యవహారము వానిలో ప్రసిద్ధము. 1973లో కరుణానిధి ప్రభుత్వమే, ఏ సభా విజయమునకు తన నాయకుడు ఉంగరము పొందియుండెనో ఆ సభను రద్దుచేసి, ప్రత్యేకాధికారిని నియమించెను. తప్పు చేసినవారిని శిక్షించుట న్యాయము. కాని వారితోపాటు ఓటర్ల హక్కు కూడ శిక్షకు గురియైనది. ఆ రద్దు ఆరు మాసములతోనో, ఏడాదితోనో తీరలేదు. కళగము దిగెను, రాష్ట్రపతి పాలన వచ్చెను, కళగమునుండి చీలిన అన్నాద్రముక వచ్చెను, మరల కళగము వచ్చెను. ప్రభుత్వము ఎవరిదైనను మదరాసునకు ఎన్నికైన సభ మాత్రము 23 సంవత్సరములు లేకుండెను. ఆ కాలమున పుట్టిన బిడ్డ పెరిగి, పెండ్లాడి, కాపురము పెట్టువరకును తన వీధికాలువను గూర్చి అడుగుటకు ఒక కౌన్సిలరును ఎరుగడు. నగరము ఆ నడుమనే చుట్టుప్రక్కల గ్రామములను మ్రింగి పెరిగినది. రిప్పను భవనపు సభామందిరమున ఆసనములు ఉన్నవి, మేయరు నిలువుటంగీయు బంగారు గొలుసును ఉన్నవి. వానిని ధరించు మనిషి లేడు.

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణము ఈ నిద్రను భంగపరచినది. పురపాలక సభకు ఐదేండ్ల కాలపరిమితి యుండవలెననియు, రద్దైనచో ఆరు మాసములలోగా ఎన్నిక జరుగవలెననియు అది శాసించెను. 1996లో, మదరాసునకు చెన్నై యను పేరు స్థిరపడిన ఏటనే, ఎన్నిక జరిగినది. ఓటర్లే నేరుగా ఎన్నుకొన్న తొలి మేయరు కరుణానిధి కుమారుడగు ఎం. కె. స్టాలిను. ఆయనకును ఈ పదవికిని నడుమ ఒక పాతకథ కలదు: 1965లో ఈ నగరమునకు మేయరుగా ఉండిన చిట్టిబాబు, ఎమర్జెన్సీ కాలమున మదరాసు కారాగారమునందు స్టాలినుపై పడుచున్న దెబ్బలకు తాను అడ్డుపడి, ఆ గాయములచే 1977లో కన్నుమూసెను. స్టాలిను 2001లో రెండవసారి గెలిచెను గాని, శాసనసభ్యత్వము, మేయరు పదవి ఒకే వ్యక్తికి తగవని మరుసటి ఏట జయలలిత ప్రభుత్వము చేసిన చట్టము కారణముగా మేయరు పదవిని వీడెను. 2011లో నగరపు సరిహద్దులు విస్తరించి వార్డులు 200 అయినవి. అన్నాద్రముక తొలిసారి మేయరు పీఠమును గెలిచి, సైదై దురైసామి మేయరయ్యెను. 2016లో గడువు తీరినను, వ్యాజ్యములలో చిక్కి ఎన్నిక ఆగిపోయినది. రాజ్యాంగములోని కాలపరిమితి కాగితముమీద ఉండగనే, నగరము మరల ఐదేండ్లకు పైగా అధికారుల పాలనలో గడిపెను.

2022 ఫిబ్రవరి 19న జరిగిన ఎన్నికలో అధికారము మరియొకసారి చేతులు మారినది. 200 వార్డులలో ద్రావిడ మున్నేట్ర కళగము 153 గెలుచుకొనగా, అన్నాద్రముకకు 15 మాత్రమే దక్కినవి. వార్డులలో సగము స్త్రీలకు ప్రత్యేకింపబడినవి. మేయరు స్థానము దళిత స్త్రీకి ప్రత్యేకింపబడుటచే, ఇరువది ఎనిమిదేండ్ల ఆర్. ప్రియ ఆ పీఠము నధిష్ఠించెను. తారా చెరియను, కామాక్షి జయరామను తరువాత ఆమె మూడవ స్త్రీ మేయరు. దళిత స్త్రీలలో మొదటిది. ఇంతటి మార్పు జరిగిన ఎన్నికలో ఓటువేసినవారు సగముకంటె తక్కువ మంది యనుట శోచనీయము. సభ లేకుండ ఏండ్లు గడచిన నగరమున, సభ తమదన్న మమకారము సడలుట సహజమే.

ఈ వ్యాసమున తెలుగువారిని గూర్చి మరియొక మాట చెప్పక ముగించుట ధర్మము కాదు. చెన్నపట్టణపు వీధులను వేకువజామున ఊడ్చువారిలో, చెత్తబండ్లను త్రోయువారిలో, నెల్లూరు, ప్రకాశము, గుంటూరు సీమలనుండి తరములకు పూర్వము తరలిపోయిన దళితుల సంతతివారు పెక్కుమంది. ఆది ఆంధ్రులని పిలువబడు వీరు ఇంట తెలుగు, వీధిలో తమిళము మాట్లాడుదురు. చేటలు, చీపుళ్లు పట్టిన వారి చేతులమీదనే ప్రతి పక్షపు పాలనయు నడచినది. 2025 ఆగస్టులో, రెండు మండలముల పారిశుద్ధ్యపుపనిని ప్రైవేటు సంస్థ కప్పగించుటను నిరసించుచు పారిశుద్ధ్య కార్మికులు రిప్పను భవనపు ముంగిట కాలిబాటపై పదమూడు దినములు కూర్చుండిరి. కడపట హైకోర్టు ఉత్తరువు ననుసరించి పోలీసులు వారిని రాత్రివేళ తరలించిరి. ఆ ప్రాంగణమునందే త్యాగరాయ చెట్టి విగ్రహము కలదు. 1920లో అణా మంజూరు చేసిన సభకు, నేటి సభకు నడుమ నూరేండ్ల దూరమున్నను, ఎవరి కడుపు నిండుటకు ఈ సభ ఏర్పడినదన్న ప్రశ్నను ఆ కార్మికులు ఆ గుమ్మముననే నిలిపిరి.

ప్రస్తుత కౌన్సిలు 2022 మార్చిలో కొలువుతీరినది. దాని గడువు ఐదేండ్లు. గడువు తీరక మునుపే తరువాతి ఎన్నిక పూర్తి కావలయునని రాజ్యాంగపు 243-యు అధికరణము విధించుచున్నది.